తీసేసిన రెండు వేగాలు

డ్రమ్ము వేగం అందుకుంది. బల్ల మీద గ్లాసులో టీ సన్నగా వణుకుతోంది, ఆ వణుకు చూస్తూ కూర్చున్నానే గాని నేనింకా పొద్దుటి వంటింట్లోనే ఉన్నాను, అమ్మ కింది పెదవి దగ్గర. నాన్న అన్నం డబ్బా మూత వదులుగా పెట్టిందట, నిన్న కూర కారి సంచీ అంతా పాడయిందట, అంతే, నాన్న చెయ్యి వెనక్కి కూడా వెళ్ళలేదు, ఉన్నచోటు నుంచే వచ్చి తగిలింది, పెదవి పంటి మీద పడి చీలింది. అమ్మ ముందు మూత బిగించింది. ఆ తర్వాత పెదవి తుడుచుకుంది. ఆ వరసే నా గుండెలో దిగబడి ఉంది, ముందు మూత, తర్వాత నెత్తురు. నేను బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను, డిగ్రీ చదివిన మనిషిని, ఇంటిల్లిపాదిలో మొదటిదాన్ని, ఆలస్యమవుతోందమ్మా అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. బయటికొచ్చి చెప్పుల్లో కాళ్ళు పెడుతూ మాత్రం, ఇవాళ ఆ డ్రమ్ము పగిలి నిన్ను నమిలేస్తే బాగుండు నాన్నా అనుకున్నాను. ఊరికే మెరిసి పోయిన ఆలోచన కాదు, మాట మాట కూడబలుక్కుని, మొక్కుకున్నట్టు అనుకున్నాను.

ఆ డ్రమ్మే ఇప్పుడు తిరుగుతోంది. ఫ్యాక్టరీ ఆవరణకి అటుపక్క ట్రయల్ షెడ్డు, ఇటుపక్క మేడమీద మా లెక్కల గది, మధ్యలో లారీలు తిరిగే సిమెంటు నేల. ద్రవంలోంచి గట్టిపదార్థాన్ని విసిరికొట్టి విడదీసే డ్రమ్ము అది, రసాయనాల కంపెనీకి వెళ్ళాలి, వెళ్ళేముందు పూర్తి వేగం మీద తిప్పి చూడాలి. తిప్పేది నాన్న. ట్రయల్ మేస్త్రీ వస్తున్నాడంటే షెడ్డులో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు. వేగాన్ని మెట్లు మెట్లుగా పెంచుతారు, ప్రతి మెట్టు దగ్గరా కాసేపు నిలబెడతారు, నిలబెట్టినప్పుడల్లా నాన్న ఇనపవల తలుపు తీసుకుని డ్రమ్ము దగ్గరికి పోతాడు. తిరుగుతుండగా ఎవరూ లోపలికి పోకూడదని తలుపు మీదే రాసుంది. ఆయన పోతాడు, ఎవరూ ఆపరు. మూరెడు స్క్రూడ్రైవరు కొసని బేరింగు మీద ఆనించి, చెక్క పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి, కళ్ళు మూసుకుని వింటాడు. అప్పుడు ఆయన ముఖం చూడాలి, పసిబిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని చూసే ముఖం. ఆ ముఖం మేం ఇంట్లో ఏనాడూ చూడలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దాల గదిలోంచి చూసి ఈ మనిషెవరు అనుకున్నాను, ఆ వెంటనే కడుపు రగిలిపోయింది, ఇనుముకి ఇస్తున్న ఈ మెత్తని చెయ్యి మాకివ్వకుండా ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావురా అని. నాన్నని లోపల రా అనే అంటాను. పైకి మీరు అంటాను.

మా గది గోడ మీద ఎర్రంకెల పలక ఉంది, షెడ్డులో వేగం అందులో కనబడుతుంది. నిమిషానికి రెండువేల నాలుగువందల చుట్లు, కదలకుండా నిలబడి ఉంది. అంటే ఈ క్షణాన లోపల ఉన్నాడు, వింటున్నాడు. నేను అన్నయ్యా అని పిలిచే పక్క బల్ల ఆయన కూడా పలక వంకే చూస్తున్నాడు. ఆయన్ని అందరూ దశాంశం అంటారు, జ్వరం తగ్గిందా అని అడిగినా పాయింటు తర్వాత అంకెతో సహా జవాబు చెబుతాడు కాబట్టి.

"మీ నాన్న పొద్దున క్యాంటీన్లో ఒకటే గొప్పలు చెల్లెమ్మా," అన్నాడు. "వేగాల పట్టిక మా అమ్మాయి వేసింది, ఇక డ్రమ్ము పక్కన మంచమేసుకు పడుకోవచ్చు, అంటాడు."

"నాన్నా? అలా అన్నారా?"

"నూటికి తొంభైతొమ్మిదిన్నర పాళ్ళు నమ్మాన్నేను. ఆ మిగతా అర పెద్దసారు సంతకం కోసం అట్టేపెట్టాను."

నవ్వాను. అమ్మ పెదవి చీల్చి, నోరు కడుక్కుని, క్యాంటీనుకొచ్చి నా పేరు చెప్పుకున్నాడన్నమాట. ఆ మెప్పుని ఏం చేసుకోను, ఎక్కడ పెట్టుకోను. ఇంటర్లో నా లెక్కల పుస్తకం నీళ్ళ తొట్టిలో పడేసింది ఆ చెయ్యే, అన్నం పెట్టమంటే వినబడనట్టు నటిస్తున్నాననుకుని. నిజంగానే వినబడలేదు. నేను సంకీర్ణ సంఖ్యల పాఠంలో ఉన్నాను అప్పుడు, దేన్ని దానితోనే గుణిస్తే మైనస్ ఒకటి వస్తుందో దాన్ని మొదటిసారి చూస్తున్నాను. అలాంటి సంఖ్య ఈ ఇంట్లో లేదు, ఈ వీధిలో లేదు, దాని దగ్గరికి ఎవరూ వచ్చి ఎవరినీ కొట్టలేరు, ఆ సంతోషంలో ఉండగా జడ పట్టి వెనక్కి లాగాడు. తడిసిన పేజీలు ఆరాక ఉబ్బి అప్పడాల్లా అయ్యాయి, అలాగే చదివాను, అలాగే పాసయ్యాను. పాసైన రోజున వీధి చివరిదాకా వెళ్ళి అందరికీ చెప్పొచ్చాడు. ఆ సాయంత్రం అమ్మ మణికట్టు తలుపు సందులో పడి విరిగింది. పడి అంటే పడటం కాదు. మేం అలా చెబుతాం.

పట్టిక సంగతికొస్తే, డ్రమ్ముని తిప్పే ఇరుసు లాంటి ప్రతి షాఫ్టుకీ కొన్ని పాడు వేగాలుంటాయి. ఆ వేగం దగ్గర నిలబెడితే ఊపు మీద ఊపు చేరి షాఫ్టు కొరడాలా వంగుతుంది. దాటిపోవచ్చు, గబగబా దాటిపోవాలి, నిలబడకూడదు. అవి ఎక్కడున్నాయో ముందుగా చెప్పడమే నా పని. ఘన సమీకరణం రాసి బీజగణితం చేసే సాఫ్ట్‌వేరుకిస్తే అది మూలాలు, అంటే ఆ పాడు వేగాలు, తీసిస్తుంది. మొదట్లో ఒక ఫ్యాను లెక్కలో ఒక మూలం మామూలుగా వచ్చింది, మిగతా రెండూ వెనక i, అదే ఆ మైనస్ ఒకటి వర్గమూలం, తగిలించుకుని వచ్చాయి, అంటే ఆ ఊపు పుట్టినా దానంతటదే అణగిపోతుందని అర్థం. నేను ఉన్నదున్నట్టు అచ్చు తీసి పట్టుకెళ్ళాను. పెద్దసారు ఆ కాగితంతో బల్లని ఫట్‌మని కొట్టాడు.

"ఏంటమ్మా ఈ i? ఫ్యాను తిరిగేది గదిలోనా, కలలోనా?"

"సార్, అది కల్పిత భాగం, అంటే..."

"కల్పితాలన్నీ ఇంటి దగ్గర పెట్టి రా. నాకు నిజమైన వేగాలు కావాలి. ఇంకోసారి ఆ i నా కళ్ళబడితే కాగితం నీ చేత తినిపిస్తా."

అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు, ఆయన చెడ్డమనిషి కాదు. కానీ గొంతు లేవగానే నా భుజాలు వాటంతటవే పైకి పోయాయి, మెడ దాచుకోడానికి. ఆ రోజే సాఫ్ట్‌వేరుకి ఒక వాక్యం రాసిపెట్టాను: కల్పిత భాగం సున్నా కాని మూలాన్ని తీసెయ్యి, చూపించకు. ఆయన అడిగింది అంత కాదు. గట్టిగా అరిచినవాడికి అడిగినదానికంటే ఎక్కువ చేసిపెట్టడం నాకు అలవాటు. అప్పట్నుంచి నా పట్టికలు శుభ్రంగా ఉంటాయి. ఈ డ్రమ్ము పట్టికా శుభ్రంగానే వచ్చింది, ఒకే ఒక్క పాడు వేగం, తొమ్మిదివందల పది. షాఫ్టు మీద మూడు బరువులుంటే ఒక్కటేనేమిటి అని ఒకసారి అనిపించింది కూడా. కింద రబ్బరు దిమ్మలున్నాయి కదా, మిగతా రెండూ ఫ్యానులోలాగే అణగిపోయి ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడంలో మా ఇంట్లో అందరికీ మంచి సాధన.

ఊరికే కూర్చోలేక, రిపోర్టు చివర్న ఒక బొమ్మ ఉంటే బాగుంటుందని సమీకరణాన్ని గీత గీయమన్నాను. గీత గీసింది. కింద నుంచి లేచి అడ్డగీతని ఒకచోట కోసింది, పైకి పోయి వంగి దిగుతూ ఇంకోచోట కోసింది, చాలా దూరం అడుగునే పాకి చివర్న నిటారుగా లేస్తూ మళ్ళీ కోసింది. మూడుచోట్ల. పట్టికలో ఒకటి. నేను తెర మీద వేలు పెట్టి ఒకటో తరగతి పిల్లలా లెక్కపెట్టాను. గీతకి అబద్ధం చెప్పడం రాదు, అది కోస్తే అక్కడ వేగం ఉన్నట్టే, నిజమైన వేగం, ఇనుముని వంచే వేగం. ఇందాక టీ రెండుసార్లు గట్టిగా వణికింది, రెండోది తొమ్మిదివందల పది, అది నాకు తెలుసు. మొదటిదాన్ని నేను పట్టించుకోలేదు, షెడ్డులో నాన్న పునాది బోల్టుల్ని తిట్టి ఉంటాడు.

నా వాక్యం తీసేసి సాఫ్ట్‌వేరుని మళ్ళీ అడిగాను. మూడు మూలాలూ వచ్చాయి. నాలుగువందల ముప్పై, తొమ్మిదివందల పది, రెండువేల ఎనిమిదివందల పన్నెండు. మొదటిదాని వెనకా చివరిదాని వెనకా సున్నా, పాయింటు, సున్నాల బారు, ఆ బారు చివర ఎక్కడో ఒక అంకె, దాని పక్కన i. నలుసు. కంట్లో పడితే తెలియనంత నలుసు. మూడు మూలాలూ వాస్తవాలే అయినా సరే, సూత్రంతో వాటిని పట్టాలంటే దారి రుణసంఖ్యల వర్గమూలాల మీదుగానే పోతుంది. కల్పితంలోకి దిగి, అటువైపు తేలేసరికి ఆ కల్పిత భాగాలు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా కావాలి. కాగితం మీద అవుతాయి. మిషను దశాంశాలని ఎక్కడో ఒకచోట తుంచుతుంది కాబట్టి అడుగున పొట్టు మిగులుతుంది, మధ్యదానికి అదృష్టం కొద్దీ మిగల్లేదు. ఆ పొట్టు చూసి, సున్నా కాదు కదా తీసెయ్యమన్నావు కదా అని, నా వాక్యం రెండు నిజమైన వేగాల్ని బయటికి గెంటేసింది. చెప్పినట్టు చేసింది. చెప్పినట్టు చేసేవాళ్ళతో వచ్చే ప్రమాదమే ఇది.

రెండువేల ఎనిమిదివందల పన్నెండు. ఆఖరి మెట్టు రెండువేల ఎనిమిదివందలు, అక్కడ అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టమని రాసిచ్చింది నేను, చుట్టుపక్కల పాడు వేగం లేదు కాబట్టి నిశ్చింతగా నిలబడొచ్చని. నిలబెడతారు. నిలబెట్టగానే ఆయన వలతలుపు తీస్తాడు, మూరెడు దూరంలో నిలబడి పిడి చెవికి ఆనిస్తాడు. తల ఎత్తి చూశాను. పలక మీద అంకెలు కదలడం మొదలుపెట్టాయి. రెండువేల నాలుగువందల ఇరవై. నలభై. బరువైన డ్రమ్ము, నెమ్మదిగా ఎక్కుతుంది.

"ఫోన్ కలుస్తుందా షెడ్డుకి?"

"కలుస్తుంది, మోగుతుంది, ఎవరికి వినబడుతుందీ?" అన్నాడు దశాంశం. "సెల్లులన్నీ బయట పెట్టెలో పడేసి పోతారు. ఎందుకమ్మా, ముఖం అలా పెట్టావ్?"

గోడ ఫోను తీసి నొక్కాను, మోగుతోంది, మోగుతోంది, ఆ మోతలోకి మెల్లగా ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. ఫోను చేశాను, ఎత్తలేదు, అని చెప్పొచ్చు, అబద్ధం కూడా కాదు. పొద్దున మొక్కుకున్న మొక్కు ఇంత తొందరగా గుమ్మంలోకొచ్చి నిలబడుతుందనుకోలేదు. రెండువేల ఐదువందల అరవై. షాఫ్టు వంగుతుంది, ముందు కంటికి తెలియదు, తర్వాత డ్రమ్ము అంచు చుట్టూ ఉన్న ఇనప తొడుగుని గీరుతుంది, కేక పెడుతుంది, రేకు కాగితంలా చిరుగుతుంది, చిరిగిన అంచు కొడవలిలా తిరిగి వస్తుంది, ఆయన కళ్ళు మూసుకుని ఉంటాడు, స్క్రూడ్రైవరు చెవి వెనక ఎముకకి ఆని ఉంటుంది, బేరింగు ఒక్క తోపు తోస్తే చాలు. ఎంత చక్కగా కనబడుతోందో. మనసులో ఎన్నిసార్లు చంపాను ఈ మనిషిని, పదో తరగతిలో రోకలితో, కాలేజీలో మెట్ల మీద నుంచి తోసి, బస్సులో కూర్చుని కిటికీలోంచి చూస్తూ, ఒట్టి చేతులతో, గొంతు ఎముక వేళ్ళ కింద తెలిసేలా. ఒక్కో బెల్టు దెబ్బకి ఒక్కోసారి చంపాను. ఎప్పుడూ ఆయనే మళ్ళీ లేచి అన్నం పెట్టమనేవాడు. ఈసారి లేవడు. నా చెయ్యి కూడా తడవదు, అంకె చంపుతుంది, నలుసు చంపుతుంది. రెండువేల ఆరువందల ముప్పై. అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంటుంది, డబ్బా మూతలు ఎలా ఉంటే అలా ఉంటాయి.

అమ్మ. అమ్మ ఏడుస్తుంది. ఆ చీలిన పెదవితోనే ఏడుస్తూ, మంచి మనిషి, కోపమేగాని మనసు వెన్న, అంటుంది. వచ్చినవాళ్ళంతా అవును అంటారు. పెద్దసారు వచ్చి, డ్యూటీలో పోయాడు, అలాంటి మేస్త్రీ ఇక దొరకడు అంటాడు. గోడ మీద ఫొటో అవుతాడు, నవ్వుతాడు, ఇక ఎవరం ఏమీ అనలేం, అనాల్సినవన్నీ లోపలే కుళ్ళి మేం ముసలివాళ్ళమవుతాం. పైగా చచ్చేది ఎవరు? కళ్ళు మూసుకుని, మా అమ్మాయి లెక్క అని నమ్మి నిలబడ్డ ఆ మెత్తని ముఖం. కొట్టే ముఖం తప్పించుకు పోతుంది. దానికి ఏమీ తగలదు, ఏమీ తెలియదు, ఒక్క మాట పడకుండా మాయమైపోతుంది. వీల్లేదు. అంత తేలిగ్గా పోనివ్వను. బతికుండాలి, నా చేతికి బతికే దొరకాలి, నేను చెప్పేదంతా రెండు చెవులతో విని చావాలి. ఫోను వదిలేశాను, అది తీగకి వేలాడుతూ గోడని కొట్టుకుంటోంది, దశాంశం వెనక నుంచి ఏదో అంటున్నాడు, పలక మీద రెండువేల ఏడువందలు దాటింది, నేను మెట్ల మీద ఉన్నాను.

ఎండ కళ్ళలో కొట్టింది. లారీ ఒకటి కీచుమని ఆగింది, డ్రైవరు కిటికీలోంచి "కళ్ళు నెత్తికెక్కాయా, చస్తావ్!" అని అరిచాడు, ఇవాళ కాదు అనుకున్నాను, ఎవరికి చెప్పానో తెలియదు. ఒక చెప్పు ఊడిపోయింది. షెడ్డు తలుపు తోసేసరికి ఆ మోత గోడలా వచ్చి గుద్దింది, పళ్ళు జివ్వుమన్నాయి. అద్దాల గదిలో పెద్దసారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, ఇద్దరు ఫిట్టర్లు, అందరి చెవుల్లోనూ దూది. నాన్న వలతలుపు గడియ తీసేశాడు. ఒక కాలు లోపల ఉంది. స్క్రూడ్రైవరు కుడిచేతిలో, కర్రలా. నేల కింద ఏదో మొదలైంది, వణుకు కాదు, ఇంకా లోతుగా, గోదాలోకి దిగేవాడు మెడ విరుచుకున్నట్టు. స్తంభానికి మిషన్ని ఆపే ఎర్ర బటను ఉంది, అరచేయంత, దాని మీద రెండు పిడికిళ్ళూ కలిపి గుద్దాను. ఒకసారి చాలు. మూడుసార్లు గుద్దాను.

మోటారుకి కరెంటు తెగింది. డ్రమ్ము ఆగలేదు, అంత బరువు అంత తొందరగా ఆగదు, కూస్తూనే ఉంది. నాన్న వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు, బటను చూశాడు. ఆయన పెదవులు కదిలాయి, ఏం చేశావే అనే అయి ఉంటుంది, ఎవరు ముట్టుకోమన్నారే అనే అయి ఉంటుంది, నాలుగంగల్లో వచ్చి కొట్టాడు. అందరి ముందూ. చెవి మీద పడింది, కళ్ళు తెల్లబడ్డాయి, నోట్లో ఉప్పగా తగిలింది. పెద్దసారు అద్దాల గదిలోంచి చేతులూపుతూ బయటికొస్తున్నాడు. నేను పడలేదు. ఆయన కాలరు రెండు చేతులతో పట్టుకుని ముఖం దగ్గరికి లాక్కున్నాను, ఎలా లాగానో, ఎప్పుడూ ఎత్తుగా ఉండే మనిషి, చెవి నా నోటి దగ్గరికొచ్చింది. అరిచాను. "పట్టిక తప్పు నాన్నా! ఇంకా రెండున్నాయి! ఒకటి ఇక్కడే, మీరు నిలబడబోయేచోటే, పన్నెండు చుట్ల అవతల!" ఆయన రెండో దెబ్బకి ఎత్తిన చెయ్యి గాల్లో ఆగింది. మాట నమ్మాడో లేదో గాని పాదాలకి తెలిసినట్టుంది ఇందాకటి వణుకు, కళ్ళు డ్రమ్ము మీదకి పోయాయి, ముఖంలో నెత్తురు దిగిపోయింది. అక్కడితో వదిలెయ్యొచ్చు. వదల్లేదు. కాలరు ఇంకా బిగించాను. డ్రమ్ము కూత కింద నేను చెప్పవలసిందంతా చెప్పాను, తలుపు సందు, బెల్టు, నీళ్ళ తొట్టి, పొద్దుటి పెదవి, మీరు అనడం ఎప్పుడు మానేశానో తెలియదు, నువ్వు నువ్వు నువ్వు అంటున్నాను, ఉమ్ము ఆయన చెంప మీద పడుతోంది, ఆయన విడిపించుకోవచ్చు, విడిపించుకోలేదు. కూత సన్నబడింది. తొమ్మిదివందల దగ్గర షెడ్డంతా ఒకసారి జలదరించి ఊరుకుంది. ఇంకా దిగాక, పట్టికలో ఏమీ లేనిచోట, వణుకు మళ్ళీ పట్టుకుంది, బల్ల మీది రెంచీలు గలగలమంటూ అంచుదాకా నడిచి కింద పడ్డాయి. పెద్దసారు చేతిలో పట్టిక కాగితం ఉంది, ఆ కాగితం వంకా డ్రమ్ము వంకా చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు డ్రమ్ము ఆగింది. ఉన్నట్టుండి షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది, నేనేమో ఇంకా అదే గొంతుతో అరుస్తూ ఉన్నాను, ఆఖరి మాట ఒక్కటే ఆ నిశ్శబ్దంలో అందరి మధ్యా పడింది.

"అమ్మ మీద ఇంకోసారి చెయ్యి పడిందో, ఆ బటను నొక్కను. కూర్చుని అంకెలు చూస్తూ ఉంటాను."

పెద్దసారు ఒక చెవిలోంచి దూది తీశాడు. "ఏంటమ్మా? ఏం చూస్తూ ఉంటావ్?"

"ఏం లేదు సార్," అన్నాడు నాన్న, కాలరు నా చేతుల్లో ఉండగానే. "మిషన్ సంగతే. లెక్కలో ఏదో పొరపాటట, చెబుతోంది."

"లెక్కలో పొరపాటుంది సార్, అది నాదే, చూపిస్తాను," అన్నాను. "కానీ ఇప్పుడన్నది మిషన్ సంగతి కాదు."

నాన్న నా వంక చూశాడు. వద్దు అన్నట్టు తల కొంచెం, చాలా కొంచెం ఆడించాడు. ఫిట్టర్లు దగ్గరికొచ్చారు, దశాంశం నా చెప్పు పట్టుకుని రొప్పుతూ తలుపు దగ్గర నిలబడ్డాడు. అందరూ చెవుల్లోంచి దూది తీసేదాకా ఆగాను. అప్పుడు మళ్ళీ మొదట్నుంచి చెప్పాను.